జ్వరానికి బార్లీ నీళ్లు, నీరసానికి బంగారం: మధ్యయుగ యూరప్ పథ్యం వెనక ఉన్న లెక్క

1420లో సవాయ్ డ్యూక్ ఎనిమిదో అమెడీ దగ్గర పెద్ద వంటవాడిగా ఉన్న షీకార్ తన వంటల పుస్తకాన్ని ఒక రాతగాడికి చెప్పి రాయించాడు. ఇప్పటి ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులు కలిసే ఆల్ప్స్ కొండల ప్రాంతమే ఆనాటి సవాయ్. పుస్తకంలో విందు వంటలన్నీ అయ్యాక చివర్లో రోగుల వంటలు వస్తాయి. బాగా నీరసించిన మనిషికి ఆయన చెప్పిన వంటకం ఇది: బలిపించిన కోడిపుంజు మాంసాన్ని గాజు పాత్రలో పెట్టి పన్నీరు, అంటే గులాబీ నీళ్లు, పోయాలి. సన్నని బట్టలో బంగారు నాణేలు, ముత్యాలు, కెంపులు, వైద్యుడు చెప్పిన మరికొన్ని రత్నాలు మూటగట్టి అందులో వేయాలి. మూతి బిగించి, ఆ పాత్రను నీళ్లున్న పెద్ద గిన్నెలో నిలబెట్టి చాలాసేపు ఉడికించాలి. దిగిన రసం రోగికి పట్టాలి.

అదే చోట, యాపిల్ పళ్లను మెత్తగా ఉడికించి బాదంపాలు కలిపే మామూలు గుజ్జు కూడా ఉంది. అది ఇవాళ ఏ ఆసుపత్రిలో రోగి ముందు పెట్టినా ఎవరూ వింతగా చూడరు.

ఈ రెండూ ఒకే వంటవాడి నోట, ఒకే అధ్యాయంలో రావడమే ఇప్పుడు చాలామందిని తికమక పెడుతోంది. పాతకాలపు వైద్యం గురించి ఫోన్లలో తిరిగే వీడియోలు రెండే రకాలు. పూర్వం వాళ్లకు అన్నీ తెలుసు, మనమే మర్చిపోయాం అనేది ఒకటి. అదంతా మూఢనమ్మకం, రత్నాలు ఉడకబెట్టి తాగినవాళ్ల దగ్గర నేర్చుకునేదేముంది అనేది రెండోది. ఒకరు వెల్లుల్లిని చూపిస్తారు, ఇంకొకరు కెంపుల్ని చూపిస్తారు. కానీ ఆ కాలపు వైద్యుడికి వెల్లుల్లీ కెంపూ వేర్వేరు లోకాలవి కావు. రెండింటినీ ఒకే లెక్కలో వేసేవాడు. ఆ లెక్క తెలియకుండా ఏ వంటకం ఎందుకు పుట్టిందో చెప్పలేం.

మధ్యయుగం అంటే యూరప్ చరిత్రలో సుమారు 5వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా నడిచిన కాలం. ఆ వెయ్యేళ్లలో అన్ని ఊళ్లలో అందరూ ఒకేలా వండుకోలేదు, నిజమే. అయినా చదువుకున్న వైద్యులు నమ్మిన సిద్ధాంతం మాత్రం పెద్దగా మారలేదు.

నాలుగు ద్రవాలు, నాలుగు గుణాలు

గ్రీకు వైద్యులైన హిప్పోక్రటిస్, గాలెన్ పేర్ల మీద వచ్చిన ఆలోచన ప్రకారం శరీరంలో నాలుగు ద్రవాలుంటాయి: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. ఒక్కోదానికి రెండేసి గుణాలు. రక్తం వేడి, తడి. కఫం చలవ, తడి. పసుపు పిత్తం వేడి, పొడి. నల్ల పిత్తం చలవ, పొడి. ఈ నాలుగూ ఎవరికి తగ్గ పాళ్లలో వాళ్లకుంటే ఆరోగ్యం. పాళ్లు చెడితే రోగం.

మన ఆయుర్వేదంలోని వాత, పిత్త, కఫాలతో దీన్ని కలిపేయకూడదు. పేర్లు రెండు కలిసినా లెక్కలు వేరు. అక్కడ నాలుగు, ఇక్కడ మూడు. అక్కడ రక్తం కూడా ఒక ద్రవం, ఇక్కడ వాతం ఒక దోషం.

వేడి, చలవ అంటే చేత్తో ముట్టుకుంటే తెలిసేవి కావు. ఈ మాట తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన మామిడిపండైనా వేడి చేస్తుందనీ, కాచి చల్లార్చిన సగ్గుబియ్యం జావ చలవ చేస్తుందనీ మన ఇళ్లలో ఇప్పటికీ అంటాం. గాలెన్ సంప్రదాయంలోనూ అంతే. మిరియాలు ఎంత చల్లటి గదిలో ఉన్నా వేడి పదార్థమే.

చదువుకున్న వైద్యుడు అక్కడితో ఆగేవాడు కాదు. ఎంత వేడి? దానికి నాలుగు మెట్లు పెట్టారు. మొదటి మెట్టు పదార్థం ప్రభావం పైకి కనిపించనంత తక్కువ. నాలుగో మెట్టుది ప్రాణం మీదికి తెచ్చేంత ఎక్కువ. బార్లీ మొదటి మెట్టు చలవ. నల్లమందు నాలుగో మెట్టు చలవ. అందుకే బార్లీని గిన్నెలతో తాగించేవారు, నల్లమందును గింజంత ఇచ్చేవారు. ఆహారానికీ మందుకూ విషానికీ మధ్య వాళ్లు గోడలు కట్టలేదు. ఒకే మెట్ల దారి మీద అన్నం కింద ఉంటుంది, విషం పైన ఉంటుంది, మందు మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఉసిరికాయతో ఒక లెక్క

9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న తత్త్వవేత్త అల్-కింది ఈ మెట్లను అంకెల్లోకి దించాడు. సమంగా ఉన్న పదార్థంలో వేడి, చలవ ఒకటికి ఒకటి. మొదటి మెట్టు వేడి అంటే వేడి రెండు, చలవ ఒకటి. రెండో మెట్టుకు నాలుగు, ఒకటి. మూడో మెట్టుకు ఎనిమిది, ఒకటి. నాలుగో మెట్టుకు పదహారు, ఒకటి. అంటే ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా బలం రెట్టింపు అవుతుంది.

మరి నాలుగు సరుకులు కలిపితే వచ్చే మందు ఏ మెట్టు మీద ఉంటుంది? ఆయన ఇచ్చిన ఉదాహరణలో ఉన్నవి ఏలకులు, పంచదార, నీలి (నీలిమందు మొక్క), ఉసిరి. తూకం డ్రాముల్లో, అది ఆనాటి మందుల చిన్న తూకం. ఏలకులు 1 డ్రాము తీసుకుంటే వేడి 1, చలవ అర, తడి అర, పొడి 1. పంచదార 2 డ్రాములకు వేడి 2, చలవ 1, తడి 1, పొడి 2. నీలి 1 డ్రాముకు వేడి అర, చలవ 1, తడి అర, పొడి 1. ఉసిరి 2 డ్రాములకు వేడి 1, చలవ 2, తడి 1, పొడి 2.

ఇప్పుడు కూడండి. వేడి మొత్తం నాలుగున్నర, చలవ మొత్తం నాలుగున్నర. అవి రెండూ కొట్టుకుపోయాయి. తడి 3, పొడి 6, అంటే ఒకటికి రెండు. కాబట్టి ఈ మందు వేడీ కాదు, చలవా కాదు, మొదటి మెట్టు పొడి. తడి ఎక్కువైన రోగికి ఇవ్వొచ్చు. అప్పటికే ఆరిపోయి ఉన్న మనిషికి ఇవ్వకూడదు.

కూడికలో తప్పు లేదు. తప్పు ఎక్కడుందంటే ఏలకులకు మొదటి మెట్టు అని ఎవరు, దేన్ని చూసి చెప్పారు అన్న దగ్గర. నాలుకకు తగిలే రుచి, తిన్నాక ఒంట్లో కనిపించే మార్పు, పాత గ్రంథం చెప్పిన మాట, ఈ మూడే వాళ్ల కొలతలు. అందుకే ఒకే సరుకు గురించి పెద్దవాళ్లు కూడా కొట్లాడుకునేవారు. పై లెక్కలో పంచదార పొడి పదార్థం. తర్వాత వచ్చిన పట్టికల్లో అదే పంచదార తడి పదార్థం. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్డోబాకు చెందిన పండితుడు ఇబ్న్ రుష్ద్ అల్-కింది పద్ధతినే తప్పుబట్టాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో వైద్య పాఠాలు చెప్పిన ఆర్నాల్డ్ ఆఫ్ విల్లనోవా మళ్లీ దాన్ని నెత్తికెత్తుకున్నాడు. మధ్యయుగంలో అందరూ గుడ్డిగా ఒకే మాట నమ్మారనుకునేవాళ్లు ఈ తగవు గురించి ఒకసారి చదవాలి.

బాగున్నవాడికి ఒక తిండి, పడకేసినవాడికి ఇంకో తిండి

ఈ సిద్ధాంతంలో చాలామంది తడబడే చోటు ఇది. ఆరోగ్యంగా ఉన్నవాడు తన తత్వానికి దగ్గరగా ఉండే తిండి తినాలి. రోగి తన రోగానికి ఎదురుగా ఉండే తిండి తినాలి. పుట్టుకతో వేడి శరీరం ఉన్న యువకుడు బాగున్నన్నాళ్లూ కాస్త వేడి పదార్థాలు తిన్నా తప్పులేదు, అది అతని సహజ స్థితిని నిలబెడుతుంది. అతనికే జ్వరం వస్తే ఆ తిండి నిప్పులో నెయ్యి పోసినట్టే. అప్పుడు చలవ కావాలి. కాబట్టి ఫలానా దినుసు మంచిదా చెడ్డదా అని అడిగితే ఆనాటి వైద్యుడు ఎదురు ప్రశ్న వేసేవాడు: ఎవరికి, ఎప్పుడు, ఏ కాలంలో?

ఇక వంటింటి పని దిద్దుబాటు. పదార్థంలో ఉన్న దోషాన్ని వండే తీరుతో సరిచేయాలి. గొడ్డుమాంసం పొడి పదార్థం, అందుకని నీళ్లలో ఉడికించాలి. పందిమాంసం తడి పదార్థం, నిప్పుల మీద కాల్చాలి. చేప చలవ, తడి కాబట్టి వేయించి, మసాలా ఉన్న పులుసుతో తినాలి. బాగ్దాద్‌కు చెందిన క్రైస్తవ వైద్యుడు ఇబ్న్ బుట్లాన్ (1066లో మరణించాడు) ఇవన్నీ పంచాంగంలాంటి గడుల పట్టికలుగా రాశాడు. ఒక్కో పదార్థానికి దాని గుణం, మెట్టు, చేసే మేలు, చేసే కీడు, ఆ కీడు పోవాలంటే ఏం చేయాలి అన్నవి గడులు. నన్నడిగితే ఆ చివరి గడే అన్నిటికన్నా విలువైనది. వైద్యుడు వంటవాడితో నేరుగా మాట్లాడేది అక్కడే. ఆ గ్రంథం 13వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లింది. 14వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇటలీ ధనికులు దాన్ని రంగురంగుల బొమ్మలతో రాయించుకున్నారు.

బాగ్దాద్ నుంచి సలెర్నోకు, గోల్కొండకు

గ్రీకు వైద్యం పశ్చిమ యూరప్‌కు చాలావరకు అరబ్బీ దారిలో తిరిగొచ్చింది. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కాన్‌స్టాంటైన్ 11వ శతాబ్దంలో ఇటలీలోని మాంటే కసినో మఠంలో కూర్చుని అరబ్బీ వైద్య గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చాడు. దగ్గర్లోని సలెర్నో వైద్యానికి పేరున్న ఊరు. ఆ ఊరి పేరుతో చెలామణి అయిన లాటిన్ పద్యాలు యూరప్ అంతా నోటికి పట్టుకున్నారు. పెరట్లో సేజ్ అనే మూలిక పెరుగుతుంటే మనిషి ఎందుకు చావాలి అని ఒక పద్యం అడుగుతుంది. చావుకు తోటల్లో మందు లేదు అని వెంటనే జవాబు కూడా అదే చెబుతుంది. వీడియోల్లో మొదటి పాదమే కనిపిస్తుంది, రెండోది ఎవరూ చెప్పరు.

అదే వైద్యం తూర్పు వైపు మన దగ్గరికీ వచ్చింది. యునానీ అంటే ఇదే. నాలుగు ద్రవాలను హకీములు దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అంటారు, మనిషి తత్వాన్ని మిజాజ్ అంటారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో హైదరాబాద్‌లో కట్టించిన దారుల్‌షిఫా ఈ సంప్రదాయపు వైద్యశాలే, ఆ పేటకు ఇప్పటికీ అదే పేరు. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిలో యునానీ వైద్యం ఇవాళ్టికీ నడుస్తోంది. తెలుగునాట అంతకుముందే ఆయుర్వేదపు దారి వేరేగా ఉంది. రుద్రమదేవి కాలం నాటి 1261 మల్కాపురం శాసనంలో విశ్వేశ్వర శంభు నడిపిన మఠానికి చదువులశాల, అన్నసత్రాలతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడా ఉన్నాయి. మల్కాపురం ఇప్పటి అమరావతి ప్రాంతంలోని ఊరే. పథ్యం అనే ఆలోచన రెండు సంప్రదాయాల్లోనూ ఉంది కదా అని ఒకటి రెండోదాన్ని చూసి నేర్చుకుందని చెప్పేయడం తొందరపాటు.

పారిస్ ఇంట్లో ఒక జ్వరం, మొదటి రోజు నుంచి లేచి తిరిగేదాకా

1393 ప్రాంతంలో పారిస్‌లో ఒక పెద్ద వయసు గృహస్థు, పదిహేనేళ్ల తన కొత్త భార్య కోసం ఇల్లు నడిపే పద్ధతులన్నీ రాసిపెట్టాడు. అందులో రోగుల పానీయాలకు ఒక భాగం ఉంది. దాన్నీ, ఫ్రెంచి రాజుల వంటవాడు తాయెవాఁ పేరుతో ఉన్న పుస్తకంలోని రోగుల వంటల్నీ పక్కపక్కన పెడితే జ్వరం వచ్చిన మనిషి పథ్యం మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తుంది. తాయెవాఁ అసలు పేరు గియోమ్ తిరెల్, 1395లో చనిపోయాడు.

జ్వరం అంటే వేడి, పొడి పెరగడం. చలవా తడీ రెండూ ఇచ్చేది కావాలి. మొదట పట్టేది బార్లీ నీళ్లు. పారిస్ గృహస్థు చెప్పిన పద్ధతిలో నీళ్లు మరగనిచ్చి, ఒక పెద్ద గిన్నెడు బార్లీ వేయాలి, పొట్టుతో ఉన్నా పర్వాలేదు. అతిమధురం, అత్తి పళ్లు వేయాలి. గింజ పగిలేదాకా మరిగించి రెండు మూడు నార గుడ్డల్లో వడకట్టాలి. ఒక్కో గ్లాసులో పటికబెల్లం దండిగా కలపాలి. వడకట్టగా మిగిలిన బార్లీని కోళ్లకు వేస్తే బలుస్తాయని కూడా రాశాడు. ఇల్లు నడిపేవాడి బుద్ధి అది, ఏదీ పారేయనివ్వడు.

బార్లీ పొడి పదార్థం కదా, తడి కావాల్సిన రోగికి ఎలా పనికొస్తుందని మీకు అనుమానం రావాలి. వాళ్లకూ వచ్చింది. అందుకే గింజను తీసేసి నీళ్లు ఇచ్చారు. మరిగించడంతో గింజ పొడిదనం పోతుందనీ, చలవ నీళ్లలోకి దిగుతుందనీ వాళ్ల సమాధానం. వడకట్టిన నీళ్లా, గింజతో కూడిన జావా అన్నది హిప్పోక్రటిస్ పేరుతో ఉన్న గ్రంథాల నుంచీ వస్తున్న చర్చే. రోగం ముదురుతున్నప్పుడు పలచనివి, తగ్గుముఖం పట్టాక చిక్కనివి ఇవ్వాలన్నది అందులో తేలిన మాట.

జ్వరం తగ్గుతోందంటే కోడి రసం మొదలవుతుంది. కోడిని నీళ్లలో చీలికలు పేలికలయ్యేదాకా ఉడికించి, ఎముకలతో సహా రోట్లో దంచి, ఉడికించిన నీళ్లతోనే పలచన చేసి వడకట్టాలి. కావాలంటే పైన పంచదార చల్లొచ్చు. కోడిమాంసం వేడీ చలవా రెండూ సమంగా ఉన్నదని నమ్మకం కాబట్టి కోలుకునేవాడికి భయం లేదు. ఇంకాస్త లేచాక తెల్లని ముద్దకూర. బలిపించిన పుంజు మాంసాన్నీ బాదంపప్పునూ కలిపి దంచి, కోసుకుని తినేంత గట్టిగా వండి, పైన దానిమ్మ గింజలు పెడతారు. కారం, ఘాటు, రంగు ఏవీ ఉండవు. నమలాల్సిన పనీ లేదు.

ఇప్పటి తెలివితో చూస్తే ఇందులో ఎంత సరైనది? మరిగించిన నీళ్లు తాగించారు, అప్పటి పారిస్ నీళ్లకు అదొక్కటే పెద్ద మేలు. క్రిముల సంగతి వాళ్లకు తెలియకపోయినా ఆ మేలు రోగికి దక్కింది. పటికబెల్లంతో కొంత శక్తి వచ్చింది. కానీ విరేచనాలు పట్టుకున్న రోగికి ఈ నీళ్లు చాలవు. ఎందుకంటే ఇందులో ఉప్పు లేదు. పేగుల్లో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళ్తేనే వాటి వెంట నీళ్లు బాగా వెళ్తాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజుతో పాటు 2.6 గ్రాముల ఉప్పు ఉండేది అందుకే. ఆ సంగతి 20వ శతాబ్దంలో గానీ తేలలేదు. కాబట్టి బార్లీ నీళ్లు జ్వరానికి సరే, కలరా లాంటి దానికి ఓఆర్‌ఎస్ బదులు ఎప్పటికీ కాలేవు.

ఇదంతా చేతిలో డబ్బున్న ఇంటి సంగతి. పంచదార అప్పుడు మందుల సరుకు, మూలికల దుకాణంలో కొనాలి. బలిపించిన పుంజు పేదవాడికి అందేది కాదు. జర్మనీలో మఠం నడిపిన హిల్డెగార్డ్ (1098–1179) రాసిన పథ్యం పేదవాళ్లకు కాస్త దగ్గరగా ఉంటుంది. తిండి తినలేనంతగా నీరసించినవాడికి స్పెల్ట్ అనే పాతరకం గోధుమ గింజలు ఉడికించి, రుచికి కొంచెం కొవ్వో గుడ్డు సొనో కలిపి పెట్టమంటుంది. ఇక యూరప్ ఆసుపత్రుల్లో చాలా వాటికి సొంత వైద్యుడే లేడు. వెచ్చటి పడక, వేళకు తిండి, ప్రార్థన, ఇవే చికిత్స. కైరోలో సుల్తాన్ కలావున్ 1284లో కట్టించిన ఆసుపత్రి లాంటివి వైద్యుల విషయంలో వాటికి చాలా ముందున్నాయి.

ఉపవాసం రోజు రోగి ఏం తినాలి?

పథ్యం వైద్యుడి చేతిలోనే ఉందనుకుంటే సగమే తెలిసినట్టు. మతం కూడా వంటింట్లో కూర్చుని ఉండేది. 6వ శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి సన్యాసులకు నాలుగు కాళ్ల జంతువుల మాంసం వద్దంటుంది. బాగా జబ్బుపడినవాళ్లకు మాత్రం మినహాయింపు ఇస్తుంది. ఇలాంటి మినహాయింపు ఉంటే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తర్వాతి శతాబ్దాల్లో మాంసం తినడానికి కొన్ని మఠాల్లో వేరే భోజనశాలలే వెలిశాయి.

9వ శతాబ్దం మొదట్లో గీసిన, ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠం నమూనాలో రోగుల ఇంటి పక్కనే వైద్యుడి ఇల్లు, దాని పక్కన పదహారు మళ్ల మూలికల తోట ఉన్నాయి. ఒక్కో మడిలో ఏం వేయాలో రాసిపెట్టారు. గులాబీ, లిల్లీ, సేజ్, రోజ్‌మేరీ, సదాప, పుదీనా, పెద్ద సోపు వగైరాలు. వాటిలో మెంతి, జీలకర్ర కూడా ఉన్నాయి. ఆల్ప్స్ కొండల చలిలో జీలకర్ర ఎంతవరకు కాసేదో గానీ, ఉండాల్సిన మందుల జాబితాలో అది ఉంది.

ఈస్టర్ ముందు వచ్చే లెంట్ ఉపవాసాలు ఇంకో చిక్కు. 10వ శతాబ్దపు బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్-వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలో మాంసం లేకుండా, మాంసం వంటకాల పద్ధతిలోనే చేసే కూరలున్నాయి. వాటిని రోగులూ తినేవారు, లెంట్‌లో క్రైస్తవులూ తినేవారు. ఒకరికి వైద్యుడు మాంసం వద్దన్నాడు, ఒకరికి మతం వద్దంది, గిన్నె మాత్రం ఒకటే. యూరప్‌లో బాదంపాలు అంతగా వ్యాపించడానికీ ఇలాంటి కారణమే. పాలు, గుడ్లు కూడదన్న రోజున రోగికి అవే దిక్కు.

పంచదార పాకం పట్టిన మసాలా దినుసులు తింటే ఉపవాసం చెడుతుందా అన్న ప్రశ్న 13వ శతాబ్దంలో క్రైస్తవ మత పండితుడు థామస్ అక్వినాస్ దాకా వెళ్లింది. చెడదన్నాడు ఆయన. అవి కడుపు నింపుకోవడానికి కాదు, అరుగుదల కోసం తీసుకునేవి అని కారణం చూపించాడు. ఆ వంకతో ఎక్కువ తినేవాళ్లకు ఈ మాట వర్తించదని కూడా ముందే అన్నాడు.

వంటవాడు వైద్యుడి మాట నిజంగా విన్నాడా?

ఇక్కడ చరిత్రకారులు రెండుగా చీలిపోతారు.

ఒక పక్షం ప్రకారం మధ్యయుగపు వంటంతా వైద్య సిద్ధాంతం నీడలోనే పెరిగింది. వాళ్ల ఆధారాలు గట్టివే. 1390 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు కూర్చిన వంటల జాబితాకు ముందుమాటలో, వైద్య పండితుల సమ్మతితో చేశామని రాసి ఉంది. చేపకు ఘాటు పులుసు, గొడ్డుమాంసాన్ని ఉడికించడం, పుచ్చకాయ జాతి పళ్లంటే భయం, ఇవన్నీ పట్టికలు చెప్పినట్టే ఉన్నాయి.

రెండో పక్షం నాలుకదే పైచేయి అంటుంది. జమీందారీ వంటల్లో అల్లం, దాల్చినచెక్క, మిరియాలు ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా అన్నిటిలోనూ పడతాయి. సిద్ధాంతం ప్రకారం వేసవిలో వేడి మసాలాలు తగ్గించాలి. 14వ శతాబ్దపు మిలాన్ వైద్యుడు మైనో ది మైనేరి పులుసుల మీదే ఒక చిన్న గ్రంథం రాస్తూ, ఇవి మందు గుణం ఉన్నవి, ఆరోగ్యవంతులు ఎక్కువగా వాడకూడదు అని మొత్తుకున్నాడు. తరం తర్వాత తరం వైద్యులు అదే మాట చెప్పాల్సి వచ్చిందంటే విన్నవాళ్లు తక్కువనే అర్థం. ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ కథ అందరికీ తెలిసిందే. లాంప్రే అనే పాములాంటి చేప వద్దని వైద్యుడు చెప్పినా వినకుండా తిని 1135లో చనిపోయాడని ఆనాటి చరిత్రకారుడు హెన్రీ ఆఫ్ హంటింగ్డన్ రాశాడు.

నాకు తోచింది చెబుతాను. ఈ రెండు పక్షాలూ ఒకే పుస్తకంలోని వేర్వేరు పేజీలు చూస్తున్నాయి. విందు పేజీల్లో వైద్యం పేరుకే ఉంది. రోగుల పేజీల్లో వైద్యుడు నిజంగానే కనిపిస్తాడు. షీకార్ ఆ మూటలో ఏ రత్నాలు వేయాలన్నది తాను నిర్ణయించడు, వైద్యుడికే వదిలేస్తాడు. బంగారం సంగతి కూడా అక్కడే తేలుతుంది. తుప్పు పట్టని లోహం గుండెకు బలమిస్తుందని అరబ్బీ, లాటిన్ వైద్యులు ఇద్దరూ రాశారు. సిద్ధాంతం లోపల అది తిక్కపని కాదు. రోగికి బలమిచ్చింది మాత్రం కోడిమాంసమే. బంగారం నీళ్లలో కరగదు.

మధ్యయుగం మెడకు చుట్టిన రెండు మాటలు

కుళ్లిన మాంసం కంపు తెలియకుండా ఉండటానికే మసాలాలు వాడారని స్కూల్లో కూడా చెప్పేస్తుంటారు. మన మలబారు తీరం నుంచి అలెగ్జాండ్రియా, వెనిస్ మీదుగా వెళ్లిన మిరియాలు కొనగలిగినవాడికి తాజా మాంసం కొనడం ఓ లెక్కా? వాళ్లకు మసాలా హోదా, మసాలా మందు.

ఆకారాన్ని బట్టి మందు అన్నది ఇంకొకటి. మెదడులా ఉంటుంది కాబట్టి అక్రోటు మెదడుకు మంచిది లాంటి మాటలు. ఇలాంటి ఊహలు పాతకాలంలోనూ అక్కడక్కడా ఉన్నాయి గానీ, దాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టింది 16వ శతాబ్దంలో పారాసెల్సస్, ఆయన తర్వాతివాళ్లు. గాలెన్ శిష్యులు ఆకారాన్ని కాదు, గుణాన్ని చూశారు.

పరీక్షకు నిలిచినవి, నిలవనివి

10వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్య గ్రంథం ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, బాల్డ్ అనే వ్యక్తి పేరుతో పిలుస్తారు. కంటిరెప్ప మీద కురుపుకు అందులో ఒక మందుంది. వెల్లుల్లి, దాని జాతిదే ఇంకో దుంప, రెండూ సమంగా నూరి, ద్రాక్షసారా, ఎద్దు పిత్తం కలిపి ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచి వడకట్టాలి. 2015లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని ఉన్నదున్నట్టు తయారుచేసి, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ బాక్టీరియా మీద ప్రయోగించారు. ఎలుకల గాయాల ముక్కల్లో ఆ బాక్టీరియాలో చాలా భాగం చచ్చింది. 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం మరికొన్ని బాక్టీరియాల మీద, అవి పొరలా గడ్డకట్టి ఉన్నప్పుడు కూడా, ఇది పనిచేస్తోందని చూపించింది. విడివిడిగా ఏ ఒక్క దినుసుకూ అంత బలం లేదు. వెల్లుల్లి ఒక్కదాన్నే తీసుకుంటే పొరల మీద పని జరగలేదు. అన్నీ కలిపినప్పుడే జరిగింది.

ఈ ఫలితాన్ని రెండు వైపులవాళ్లూ తమకు కావాల్సినట్టు లాక్కున్నారు. దీన్నిబట్టి మధ్యయుగపు మందులన్నీ పనిచేస్తాయనడానికి లేదు. పరీక్షించింది ఒక్కటే, అదీ పనిచేసేలా కనిపించిందని ఏరుకున్నది. అలాగని గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలిందని కొట్టిపారేయడానికీ లేదు. దినుసులు, పాళ్లు, రోజులు అంత కచ్చితంగా రాశారంటే ఎవరో ఎక్కడో చేసి చూసి ఉండాలన్నది కొందరు పరిశోధకుల వాదన. దానికి ఎదురు వాదన కూడా ఉంది. తొమ్మిది అంకె ఆ కాలపు మంత్రాల్లోనూ తరచుగా వస్తుంది, కాబట్టి కచ్చితత్వం చూసి ప్రయోగం అనుకోకూడదు. పైగా తాజా వెల్లుల్లి కంట్లో పడితే ఏమవుతుందో ఎవరికి తెలియదు? పరిశోధకులు కూడా దీన్ని ఇంట్లో చేసుకోవద్దన్నారు.

ఇంకోవైపు కాల్చికమ్ అనే దుంప ఉంది. కీళ్లు వాచే గౌట్ జబ్బుకు 6వ శతాబ్దంలోనే అలెగ్జాండర్ ఆఫ్ ట్రాలెస్ దాన్ని వాడాడు. మధ్యయుగమంతా వాడారు. అందులోంచి తీసిన కాల్చిసిన్ ఇవాళ కూడా గౌట్‌కు డాక్టర్లు రాసే మందే. వాళ్ల దృష్టిలో అది చెడు ద్రవాన్ని విరేచనం ద్వారా బయటికి పంపేది. ఆ కారణం తప్పు. మందు సరైనదే, మోతాదు మీరితే మనిషిని చంపుతుంది.

ఇంగ్లండ్‌లో శస్త్రచికిత్సకు ముందు రోగిని నిద్రపుచ్చడానికి పట్టిన ద్వేల్ అనే ద్రావకం ఈ చిక్కునే ఇంకా ముందుకు తీసుకెళ్తుంది. పంది పిత్తం, లెట్యూస్, నల్లమందు, ఖురాసానీ వాము, హెమ్‌లాక్, వెనిగర్ లాంటివి ద్రాక్షసారాలో కలిపేవారు. నల్లమందు, ఖురాసానీ వాము రెండూ నిజంగానే మత్తెక్కిస్తాయి. హెమ్‌లాక్ ఊపిరి ఆపేస్తుంది. లెట్యూస్ ఏమంత చేయదు. సిద్ధాంతం ప్రకారం ఈ నాలుగు మొక్కలూ చలవ పదార్థాలే, నిద్ర అంటే చలవే, కాబట్టి నాలుగూ ఒకే గిన్నెలోకి వచ్చాయి. ఏది మందో, ఏది విషమో, ఏది ఉత్త ఆకో విడదీసే కొలత ఆ నాలుగు మెట్లలో లేదు. మొక్కలోని మందును విడిగా తీసి తూకం వేయడం 19వ శతాబ్దం మొదట్లో, నల్లమందు నుంచి మార్ఫిన్ తీయడంతో మొదలైంది.